నూటపదిహేడు

పెంటమ్మ బర్రెనమ్మింది.
ఆ మాట అంగడిపేట నుంచి
చండూరు పాలకేంద్రం దాకా నడిచి
నా టేబుల్ కాడికొచ్చేసరికి
"నూటపదిహేడు తీసెయ్యి" అయింది.
సెక్రటరీ లింగస్వామి ఏదైనా నిలబడే చెప్తడు,
చాయ్ చల్లారకముందే.

సభ్యుల పట్టికల ఆ వరుస మీద నొక్కిన.
నల్లబడ్డది.
తీసెయ్యబోతే కంప్యూటర్ ఒక్క క్షణం ఆగి అడిగింది:
ఈ పేరుకు ముడిపడ్డవి
వేరే పట్టికల్ల గూడ ఉన్నయి,
అవి గూడ పోతయి, సరేనా?
మునుగోడు బస్సు హారను కొడుతున్నది.
సరే అన్న.

చప్పుడు కాలె.
మూడేండ్ల పొద్దుగాలి పాలు పోయినయి,
మాపటి పాలు పోయినయి.
ఈనిన కొత్తల ఆరు,
వట్టిపోయే ముందు ఎనిమిదికెక్కిన వెన్న శాతం,
దాణా బస్తాల బాకీ, కట్టిన కిస్తులు,
"నీళ్ళు కలిసినయి" అని ఒకనాడు నేను రాసిన మచ్చ,
తప్పు మిషిన్‌దని తెల్లారి నేనే కొట్టేసిన మాట,
అన్నీ ఒకదాని కొంగు పట్టుకొని ఒకటి పోయినయి.

నెలాఖరుకు లెక్క కుదరలె.
ట్యాంకరెక్కిన పాలు ఎక్కువ, పోసిన పాలు తక్కువ.
పై ఆఫీసు నుంచి ఫోను:
"మీ కాడ బర్రెలు లేకుండనే పాలు పిండుతున్నరా?"
బ్యాకప్ ఉన్నది. పోయిన దసరాది.

నాకంటే ముందు ఈ కుర్చీల కూసున్న రాజారాం
ఇట్ల కావొద్దనే ముడులన్నీ విప్పి పేర్లు చెరిపిండట.
ఆ పాలు ఇంకా ఉన్నయి:
నలభై రెండు లీటర్లు, తారీఖు ఉన్నది, ధర ఉన్నది,
పోసిన చెయ్యి లేదు.
ఆ పైసలు ఎవరికియ్యాల్నో తెల్వక
ఏడాదికొకసారి ఆడిటర్ వచ్చి చూసి
గుండ్రంగ సున్న చుట్టి పోతడు.

అంగడిపేటకు పోయిన.
పెంటమ్మ దూలం సందులకెళ్ళి పాలబుక్కు తీసింది,
రబ్బరుబ్యాండు తెగి దారం కట్టి ఉన్నది.
ఆమెకు అక్షరం రాదు.
నేను చదువుతుంటె తను సరిచేసింది.
"ఈ రెండు సున్నలేంది?"
"జెరమొచ్చింది."
"ఈ మాపు అర లీటరే?"
"దూడ ముందుగాల తాగింది బిడ్డా, నేనే ఇడిసిన."
నా పట్టికల సున్నకు సున్నే గాని
లోపల ఇంత సంసారమున్నదని ఎరుక లేకుండె.

లేవబోతుంటె తనే అన్నది:
"దాణా బాకీ పద్దెనిమిది నూర్లున్నది,
అదీ ఎక్కియ్యి, మర్సిపోయేవు."

రెండు రాత్రులు ఎక్కించిన.
పాలు వచ్చినయి, బాకీ వచ్చింది,
నంబరు రాలె.
ఒకసారి వదిలిన అంకెను ఆ మిషిను మళ్ళ పట్టదు.
పెంటమ్మ ఇప్పుడు మూడువందల నాలుగు,
నిన్నగాక మొన్న చేరిన సభ్యురాలు.
చెప్తె నవ్వింది:
"ముసలిదాన్ని మళ్ళ పుట్టిచ్చినవ్."

హాలియా జబ్బార్ సారొచ్చి ఆ గడిల టిక్కు తీసిండు.
తీసి, వేరే నిలువు గడొకటి పెట్టిండు:
పోస్తున్నది, ఆపింది.
"మనిషి ఆగితే ఆగిందని రాయాలె గాని
పుట్టనే లేదని రాస్తరమ్మా?" అన్నడు.
ఇప్పుడెవరూ పోరు.
ఆగినోళ్ళు అట్లనే ఉంటరు, బూడిద రంగుల,
వాళ్ళ పాలను ఆనుకొని.

పక్కన ఇంకో గడున్నది. కారణం.
మూడువందల నాలుగు ముందు అది ఖాళీగనే ఉంచిన.
బర్రెనెందుకమ్మినవని ఆనాడు అడిగిన గద,
పెంటమ్మ మోకాళ్ళు చూపెట్టింది.
వంగుతలేవు. కూసోని పిండరాదు.
చిన్నప్పటి సంది ఈ బోరునీళ్ళే.

పాలల్ల నీళ్ళెన్నో చెప్పే మిషిను
నా కుడిచెయ్యి పక్కనే ఉన్నది.
నీళ్ళల్ల ఏమున్నదో రాసేతందుకు
ఏ పట్టికల జాగ దొరుకుతలేదు.